కువైట్‌కి వినపడని పాట

ఆదివారం పొద్దున్న చర్చిలో మొదటి గంట కొట్టేసరికి పాపాయమ్మ వీధి అరుగు మీద సిద్ధంగా ఉండాలి. అది ఆ ఇంటి అలవాటు. గంజి పెట్టి ఉతికిన తెల్లచీర, నూనె రాసి బిగించిన ముడి, ఒళ్లో జిప్పు సంచిలో బైబిలు. కొడుకూ కోడలూ లోపల దువ్వెనల కోసం, చెప్పుల కోసం వెతుక్కుంటూ ఉంటే "దేవుడి దగ్గరికైనా పెందలాడే వెళ్లరా మీరు?" అని అరుగు మీంచే కేకలేసేది.

ఆ ఆదివారం మొదటి గంట మోగి ఆగిపోయింది. పాపాయమ్మ మాత్రం వంటింటి గుమ్మంలో పాత చీరలోనే కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది.

"ఏంటత్తయ్యా, ఇంకా స్నానం అవ్వలేదా?" షైనీ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వచ్చింది.

"మీరిద్దరూ వెళ్లి రండమ్మా. నేను రాను."

"అదేంటండీ! మీరు రాకపోతే పాట ఎవరు ఎత్తుతారు?"

"ఎవరో ఒకరు ఎత్తుతారులే. అబ్బాయి కంప్యూటరు ఉందిగా."

ముందు గదిలో జీవన్ లాప్‌టాప్ సంచిలో సర్దుకుంటున్నాడు. తల్లి మాట విన్నాడు. విననట్టు ఛార్జరు వైరు చేతికి చుట్టుకుంటూ ఉండిపోయాడు. చుట్టడం అయిపోయాక కూడా విప్పి మళ్లీ చుట్టాడు.

రాజోలు దాటాక పంటకాలవ గట్టున ఉన్న పేట వాళ్లది. ఆ పేట చర్చిలో ఒక పద్ధతి ఉంది. పాస్టరు సాలమోను గారు కీర్తన పేరు చెప్పగానే ఎవరూ వాయిద్యం కోసం చూడరు. ఆడవాళ్ల వైపు ముందు వరసలోంచి పాపాయమ్మ ఒక్కతే మొదటి చరణం ఎత్తుతుంది. ఆవిడ ఏ శ్రుతిలో ఎత్తితే అదే శ్రుతి. రెండో చరణానికి సంఘమంతా అందుకుంటుంది. డోలకు వాయించేవాళ్లూ, హార్మోనియం వాయించేవాళ్లూ ఎంతమంది మారినా, పాట ఎత్తేది మాత్రం ఆవిడే.

చర్చిలో ఉన్న పాత కీబోర్డు ఉప్పుగాలికి లోపల తుప్పుపట్టి మూగబోయినప్పుడు జీవన్ ముందుకొచ్చాడు. అతను అమలాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్సు చెబుతాడు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఇంటర్నెట్‌లో వారాల తరబడి వెతికి, ఉచితంగా దొరికే సింథసైజర్ సాఫ్ట్‌వేర్లు దించుకున్నాడు. చిన్న కీబోర్డు ఒకటి లాప్‌టాప్‌కి తగిలించాడు. ఆ కీబోర్డుకి సొంత గొంతంటూ లేదు. సాఫ్ట్‌వేరు ఏ గొంతు ఇస్తే ఆ గొంతుతో పలుకుతుంది. ఒక మీట నొక్కితే పియానో, ఇంకోటి నొక్కితే వయొలిన్లు, ఇంకోటి నొక్కితే పెద్ద చర్చిల్లో మోగే ఆర్గన్.

"ఎక్కడి వాళ్లో తెలీదండి అయ్యగారూ, తయారు చేసి ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోండని వదిలేశారు," అని అతను చెబితే సాలమోను గారు చేతులెత్తి స్తోత్రం చెప్పారు.

అది తన దగ్గరే దాచుకోలేదు జీవన్. బీద సంఘాల కుర్రాళ్లకు పనికొస్తుందని, ఏది ఎక్కడ దొరుకుతుందో, ఎలా బిగించుకోవాలో వివరంగా తెలుగులో వీడియోలు చేశాడు. దిండి నుంచి, ఓడలరేవు నుంచి కీబోర్డు వాయించేవాళ్లు లాప్‌టాప్‌లు పట్టుకుని ఇంటికొచ్చేవారు. "జీవన్ బ్రదర్ గారున్నారాండీ?" అని వాళ్లు గుమ్మంలో నిలబడి అడిగితే పాపాయమ్మ మురిసిపోయి అందరికీ టీ పెట్టేది. ఆదివారం ఆరాధన కూడా అతను అదే లాప్‌టాప్‌లోంచి లైవ్ పెట్టడం మొదలెట్టాడు.

ఒకరోజు ఆ లైవ్ కింద ఎవరో రాశారు. 'మ్యూజిక్ సూపర్ బ్రదర్. కానీ ఊడుపుల్లో కేకలేసినట్టు పాడుతున్న ఆ మామ్మ గారి మైకు కట్ చెయ్యండి.' దాని కింద నవ్వు బొమ్మలు.

జీవన్ వెంటనే దాన్ని తీసేశాడు. కానీ అది అతని లోపలి నుంచి పోలేదు. రాసిన మనిషి ఎవరో తెలియదు గానీ, ఉన్నమాటే రాశాడు. పాపాయమ్మ గొంతు చేలల్లో పుట్టిన గొంతే. తన చిన్నప్పుడు ఆవిడ మోకాలి లోతు బురదలో వంగి, పాట ఎత్తుతూ, ఒకరి చేలో నాట్లు వేసేది. లైవ్ చూసే కాలేజీ సహోద్యోగులకి, పెద్ద చర్చిల వాళ్లకి ఆ గొంతులోంచి ఆ బురద కూడా కనిపించేస్తోందని అతనికి అనిపించింది.

తరువాతి ఆదివారం లాప్‌టాప్‌లో తల్లి మైకు ఒక్కదాన్నీ కిందికి లాగేశాడు. చర్చిలో స్పీకర్లకి వెళ్లే దారి వేరు కాబట్టి అక్కడ కూర్చున్నవాళ్లకి తేడా తెలియలేదు. లైవ్‌లో ఖాళీ కనపడకుండా ఆ చోట సింథసైజరులోని ఆడవాళ్ల బృందగానం పెట్టాడు. నలభై మంది గొంతు కలిపి 'ఆ...' అన్నట్టుండే శబ్దం అది. మెచ్చుకోళ్లు చాలా వచ్చాయి.

కిందటి నెలలో అక్క జ్యోతిర్మయి కువైట్ నుంచి వీడియో కాల్ చేసింది. అతను డిగ్రీలో చేరిన ఏడాదే ఆవిడ అక్కడ ఇంటిపనికి వెళ్లింది.

"అమ్మా, లైవ్‌లో నీ నోరు కదులుతోంది గానీ గొంతు రావట్లేదేంటే?"

పాపాయమ్మ కొడుకు వైపు చూసింది. "ఏరా అబ్బాయ్, నిజమేనా?"

అప్పుడే చెప్పాల్సింది. జీవన్ చెప్పలేదు. "నీ గొంతు కాస్త సన్నబడింది కదమ్మా. మైకు అందుకోవట్లేదు," అన్నాడు. నోటికి అలా వచ్చేసింది.

ఆ మాట తల్లిని ఎక్కడ తాకుతుందో అతను ఊహించలేదు. పాపాయమ్మ అక్క గొంతులో పుండుతో పోయింది. ఆవిడకీ ముందు గొంతే సన్నబడింది.

*

ఆ ఆదివారం ఆరాధనలో సాలమోను గారు కీర్తన పేరు చెప్పి, అలవాటుగా ఆడవాళ్ల వైపు చూశారు. ముందు వరసలో చాప ఖాళీగా ఉంది. ఒక్క క్షణం ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. జీవన్ గబగబా మీటలు నొక్కాడు. వయొలిన్లు మోగాయి. సంఘం అందుకుంది గానీ, సగంమంది ముందు, సగంమంది వెనక. బండికి రెండు ఎడ్లూ చెరో వైపు లాగినట్టు సాగింది పాట.

"అమ్మకెలా ఉంది జీవన్?" ఆరాధన అయ్యాక పాస్టరు గారు అడిగారు.

"కొంచెం నలతగా ఉందండి."

"గొంతు గురించి బెంగపెట్టుకున్నారట. మొన్న మా ఆవిడ దగ్గర ఏడిచేరు. సంఘమంతా ప్రార్థన చేద్దాం."

"ఆయ్," అన్నాడు జీవన్ నేల చూస్తూ. తను చేసిన పనికి సంఘమంతా మోకరించబోతోంది.

ఇంటికి వచ్చేసరికి ఫోను మోగుతోంది. షైనీ ఎత్తి గోడకి ఆనించింది. తెర మీద జ్యోతిర్మయి కళ్లు వాచి ఉన్నాయి.

"తమ్ముడూ, నేను వచ్చేస్తున్నాన్రా. మేడమ్‌ని అడిగేను. వెళ్తే మళ్లీ రానక్కర్లేదంది. పోనీలే అన్నాను."

"వచ్చెయ్యడం ఏంటక్కా?"

"అమ్మ చెప్పింది. గొంతు పోతోందే, ఒక్కసారి వచ్చి చూసి పో అంది. అమ్మ ఇన్నేళ్లలో ఎప్పుడైనా రమ్మందా? పెద్దమ్మ సంగతి నాకు గుర్తులేదనుకున్నావా?"

"వదినా, డాక్టరు గారు ఏం లేదన్నారు," అంది షైనీ.

జీవన్ తల తిప్పాడు. "ఏ డాక్టరు?"

"మొన్న మంగళవారం మీరు కాలేజీకి వెళ్లేక అత్తయ్యని అమలాపురం తీసుకెళ్లేను. మీతో చెప్పొద్దన్నారు, అబ్బాయి భయపడతాడని. ముక్కులోంచి గొట్టం పెట్టి చూసేరు. ఏ పుండూ లేదు, ఏ వాపూ లేదన్నారు. ఈవిడ నమ్మితేనా! డాక్టరూ కోడలూ ఒకటై దాస్తున్నారంటారు."

ముక్కులోంచి గొట్టం. జీవన్ మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. ఇంజక్షను సూది చూస్తేనే కళ్లు మూసుకునే మనిషి తన తల్లి.

"టిక్కెట్టు చూసుకుంటాను. అమ్మకి చెప్పకండి," అని జ్యోతిర్మయి ఫోను పెట్టేసింది.

షైనీ అక్కడే నిలబడింది. "ఏవండీ, మీకెందుకలా చెమటలు పడుతున్నాయి?"

"ఎండ."

"ఫ్యాను కింద ఎండేంటండీ?" ఆమె ఫోనులో కిందటి వారం లైవ్ తీసి అతని ముందు పెట్టింది. పాపాయమ్మ కళ్లు మూసుకుని, మెడ నరాలు ఉబ్బేలా పాడుతోంది. వినపడేది మాత్రం మెత్తగా, తియ్యగా, 'ఆ...' అని.

"నాకు ఎప్పట్నుంచో అనుమానం. ఇంతమంది ఎవరండీ? మన చర్చిలో ఇలా పాడేవాళ్లు ఎవరున్నారు?"

"మనుషులు కాదు. సింథసైజరు."

"మరి అత్తయ్య పక్కనున్న చంటిపిల్ల ఏడుపు వినపడుతోంది. మైకు పట్టుకున్న అత్తయ్య వినపడరేం?"

ఆమె కాసేపు అతని మొహంలోకి చూసింది. తరువాత నెమ్మదిగా ఫోను ఆపేసింది.

"మీరే చేసేరు."

"ఎవరో కామెంటు రాశాడు షైనీ. నవ్వుతూ. నా స్టూడెంట్లు చూస్తారు, ప్రిన్సిపాల్ గారు చూస్తారు..."

"చూస్తే?"

"అమ్మ పాట నీకు తెలుసుగా. మంద్రంగా పాడదు. గొంతెత్తి..."

"గొంతెత్తి పాడే మిమ్మల్ని చదివించేరు," అంది షైనీ. ఆమె గొంతు పెరగలేదు, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. "పది ఊళ్లకి ఉచితంగా గొంతులు పంచేరు కదండీ. కన్నతల్లిది ఒక్కటి తీసేసి. ఆవిడ పొద్దున్నే మిరియాల కషాయం తాగుతూ, దేవుడా నన్ను తీసుకెళ్లినా పర్లేదు గాని నా పాట తీసుకోకు అని ప్రార్థన చేస్తున్నారు. పక్క గదిలో మీరు ఆ ప్రార్థన వింటూ పడుకున్నారా?"

విన్నాడు. విని దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. ఆ సంగతి ఆమెతో చెప్పలేకపోయాడు.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తాను."

*

పాపాయమ్మ పెరట్లో కొబ్బరాకులు ముందేసుకుని చీపురు పుల్లలు చీరుతోంది. జీవన్ వెళ్లి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, నీ గొంతు బాగానే ఉంది."

"ఆఁ, డాక్టరూ అదే అన్నాడు. మా అక్కకీ అలాగే చెప్పేరు, ఆఖరిదాకా."

"కాదమ్మా. లైవ్‌లో నీ మైకు నేనే తీసేశాను. చర్చిలో అందరికీ నువ్వు వినపడుతూనే ఉన్నావు. కంప్యూటర్లోనే వినపడకుండా చేశాను. సన్నబడిందని నేను చెప్పింది అబద్ధం."

పాపాయమ్మ చేతిలో కత్తి ఆగింది. "అంటే... నాకు రోగం లేదన్నమాట?"

"లేదమ్మా."

ఆవిడ మొహం విప్పారింది. "ప్రభువా, నీకు స్తోత్రం! ఓ షైనీ, విన్నావా? నాకేం లేదంటమ్మా!" కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది. "చచ్చినోడా, ముందే చెప్పొచ్చు కదరా! మామిడికాయ పప్పు ఎదురుగా పెట్టుకుని కూడా నోరు కట్టుకున్నాను. ఆ కషాయానికి నాలిక మొద్దుబారిపోయింది. పిచ్చిమొద్దు, మైకు చూసుకోవద్దా? పొరపాటున లాగేసేవా?"

అతను తప్పించుకోవడానికి ఆవిడే తలుపు తీసి పెట్టింది. అవునంటే అక్కడితో అయిపోతుంది. గుమ్మంలో షైనీ నిలబడి ఉంది. ఆమె లేకపోతే ఏం చెప్పేవాడో అతనికే తెలియదు.

"పొరపాటు కాదమ్మా. కావాలనే."

"కావాలనా? ఎందుకురా?"

చెప్పాడు. కామెంటు, నవ్వు బొమ్మలు, కాలేజీ, అన్నీ. ఊడుపుల మాట దగ్గర అతని నోరు తడబడింది. ఆవిడ నవ్వు ఒక్కసారిగా పోలేదు. సాయంత్రం ఎండ అరుగు దిగినట్టు మెల్లిగా దిగిపోయింది.

"అంతేనా," అంది చివరికి. కత్తి తీసుకుని ఇంకో ఆకు చీరింది. "నిజమే కదరా మరి. నేను నేర్చుకుంది అక్కడే. అవతలి గట్టు మీదున్నవాళ్లకి అందాలంటే అలాగే ఎత్తాలి. అదే అలవాటైపోయింది గొంతుకి." మరో పుల్ల తీసి కట్టలో పెట్టింది. "ఓ మాట చెప్పుంటే వెనక్కి వెళ్లి కూర్చునేదాన్ని కదా బాబూ. నేనేమైనా దెబ్బలాడతానా?"

ఆవిడ తిట్టి ఉంటే అతను తట్టుకునేవాడు. చీపురు తిరగేసి నాలుగు తగిలించినా తట్టుకునేవాడు. ఆ 'బాబూ' అన్న మాట, అంత మర్యాదగా, పరాయి ఇంటి పెద్దమనిషిని అన్నట్టు అనడం అతను తట్టుకోలేకపోయాడు. కాళ్లు పట్టుకోబోతే ఆవిడ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"లే. కాలేజీ పంతులువి. మట్టి అంటుకుంటుంది."

ఆ సాయంత్రమే జీవన్ అక్కకి ఫోను చేసి మొత్తం చెప్పాడు.

"ఒరేయ్," అంది జ్యోతిర్మయి. "ఈ ఇంటివాళ్లు లేవకముందు నేను వంటింట్లో ఫోను పెట్టుకుని రొట్టెలు చేస్తాను. ఆరాధన కోసమని చెప్పడమే గాని, దేవుడు నన్ను క్షమించాలి, నేను వినేది అమ్మని. ఇన్ని వారాలు నాకు ఆ మిషనుని వినిపించేవు. ఎంత బాగుందో అని నేను ఏడిచేను కూడా." ఫోను పెట్టేసింది.

ప్రయాణం మానుకుంది గానీ, ఆ వారమంతా అతనితో మాట్లాడలేదు.

*

తరువాతి ఆదివారం పాపాయమ్మ మొదటి గంటకే అరుగు మీద ఉంది. కానీ కేక వెయ్యలేదు. చర్చిలో ముందు వరసకి వెళ్లలేదు. ముసలివాళ్లు గోడకి ఆనుకునే చోట, ఆఖరి చాప మీద కూర్చుంది.

జీవన్ మైకులన్నీ సరిచేసి లైవ్ పెట్టాడు. సాలమోను గారు కీర్తన పేరు చెప్పారు. సంఘం ఎదురుచూసింది. ఆఖరి చాప మీద పాపాయమ్మ తలొంచుకుని చీర అంచు సర్దుకుంటోంది. పాస్టరు గారు జీవన్ వైపు చూశారు, ఇక నువ్వే మొదలుపెట్టు అన్నట్టు.

జీవన్ మీటల మీంచి చేతులు తీసి లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, పాటకి ముందు ఒక సాక్ష్యం చెప్పుకోవాలండి."

"చెప్పు బాబూ."

మైకు పట్టుకున్నాడు. "మా అమ్మకి జబ్బని మీరందరూ ప్రార్థన చేశారండి. అమ్మకే జబ్బూ లేదు. లైవ్‌లో మా అమ్మ గొంతు వినపడకుండా నేనే ఆపేశాను. పైగా నీ గొంతు సన్నబడిందని అబద్ధమాడాను. ఎందుకంటే..."

ఆగాడు. ఎదురుగా చాపల మీద కూర్చున్నవాళ్లను చూశాడు. అందరూ అమ్మలాంటివాళ్లే. చేలల్లో వంగి వంగి నడుములు పట్టేసినవాళ్లు. పిల్లల్ని టీచర్లుగా, నర్సులుగా చేసినవాళ్లు. ఇప్పుడు తను చెప్పబోయే మాట వాళ్లందరి మొహాల మీదా పడుతుంది. అయినా చెప్పాలి.

"ఎందుకంటే, అమ్మ పాడితే ఊడుపుల్లో..."

అతని మాట పూర్తి కాలేదు. ఆఖరి చాప మీంచి పాట లేచింది.

ముందు కాస్త వణికింది. రెండో మాటకే నిలదొక్కుకుంది. కప్పు తాకి, కిటికీల్లోంచి కాలవ దాకా వెళ్లేటంత గొంతు. అవతలి గట్టుకి అందేటంత. కొడుకు నోట ఆ మాట పదిమందిలో పడకుండా పాపాయమ్మ దానిమీద పాట కప్పేసింది. పక్కనున్న ముసలమ్మలు అందుకున్నారు. తరువాత సంఘమంతా.

జీవన్ తన చోటికి వెళ్లి కూర్చోలేదు. మైకు పట్టుకుని, ఆడవాళ్ల చాపల మధ్యనుంచి ఒద్దికగా నడుచుకుంటూ వెనక్కి వెళ్లాడు. తల్లి ముందు మోకరించి, మైకు ఆవిడ నోటికి అందేలా పట్టుకున్నాడు. చెయ్యి వణుకుతోంది. కళ్లలోంచి నీళ్లు గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకునే చెయ్యి ఖాళీ లేదు.

పాపాయమ్మ అతని వైపు చూడలేదు. కళ్లు మూసుకునే పాడింది. రెండో చరణం అయింది. మూడో చరణం ఎత్తుతూ ఆవిడ చెయ్యి చాపింది. కొడుకు చేతి మీద వేసి, మైకు కదలకుండా గట్టిగా పట్టుకుంది.